పడమటి గోడకు నీడ: ఓరుగల్లు ఎండల్లో ఇంటిని చల్లబరిచే చెట్లు, తీగలు, పందిళ్లు

వరంగల్ కానీ, కరీంనగర్ కానీ, మంచిర్యాల కానీ, ఎండాకాలంలో మన డాబా ఇళ్లకు వేడి వచ్చేది ముఖ్యంగా రెండు చోట్ల నుంచి. ఒకటి నెత్తిమీది స్లాబు, రెండోది పడమటి గోడ. పగలంతా ఎండ తాగిన స్లాబు, మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ తాగిన ఇటుక గోడ ఆ వేడిని వెంటనే గదిలోకి వదలవు. కొన్ని గంటలు పట్టి ఉంచుకొని, మనం పడుకునే వేళకు వదలడం మొదలుపెడతాయి. రాత్రి పది దాటాక బయట గాలి చల్లబడినా లోపల ఫ్యాను వేడిగాలినే తిప్పుతుండేది ఇందుకే. గోడ కాగాక ఏసీతో ఆ వేడిని తరమడం కంటే, గోడ మీద ఎండ పడకుండా చూసుకోవడం ఎంతో చవక.

ఆ పని చెట్టు చేసినంత బాగా మరొకటి చేయదు. రేకు కూడా నీడే ఇస్తుంది, కానీ తాను కాగి ఆ సెగను కిందికి వదులుతుంది. ఆకు అలా కాదు. వేర్లు పీల్చిన నీళ్లను ఆవిరిగా వదులుతూ ఎండలో కూడా పెద్దగా కాగదు, దాని చుట్టూ ఉన్న గాలి కూడా కాస్త చల్లబడుతుంది.

అయితే తప్పు దిక్కున పెట్టిన వేప ఇరవై ఏళ్లు పెరిగినా పడకగదికి చల్లదనం రాదు. నర్సరీకి వెళ్లి నచ్చిన మొక్క తెచ్చి, ఖాళీ ఉన్న మూల నాటేయడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. అందుకే మొక్కల పేర్ల కంటే ముందు దిక్కుల లెక్క చెబుతాను.

మొదటి పని: సూర్యుడి దారి తెలుసుకోవడం

వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. అప్పటి నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. ఆదిలాబాద్ వాళ్లకు ఈ తేదీలు కొన్ని రోజులు అటూఇటూ అవుతాయి, అంతే. కాబట్టి నడి ఎండాకాలంలో దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ దాదాపు పడదు. ఏప్రిల్‌లో పడే కొద్దిపాటి ఎండను రెండడుగుల సజ్జ ఆపేస్తుంది. చలి దేశాల వాళ్ల కోసం రాసిన సలహాల్లో దక్షిణం వైపు పెద్ద చెట్టు పెట్టమని ఉంటుంది. అది వాళ్ల సూర్యుడి లెక్క. మనం అలా చేస్తే ఎండాకాలంలో లాభం ఉండదు, పైగా పుష్య మాసం చలిలో ఇంట్లోకి రావాల్సిన ఎండ పోతుంది.

మనల్ని బాధపెట్టేది సాయంత్రపు ఎండ. మే, జూన్ నెలల్లో సూర్యుడు నేరుగా పడమటన కాకుండా వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. మే మధ్యలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నేల నుంచి దాదాపు 35 డిగ్రీల ఎత్తులో, అయిదింటికి 21 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఇంత వాలుగా వచ్చే ఎండను సజ్జ ఆపలేదు. దానికి గోడ ముందు నిలువుగా ఒక అడ్డు కావాలి. అందువల్ల మీ డబ్బు, నీళ్లు, శ్రమలో పెద్ద వాటా పడమటికి, వాయవ్యానికి పోవాలి. తర్వాత స్లాబుకు, ఆ తర్వాత తూర్పుకు. దక్షిణానికి చివర.

వాస్తు చూసుకునే ఇళ్లలో కూడా దీనికి పెద్దగా అడ్డు రాదు. ఎత్తైన చెట్లు పడమటన, నైరుతిలో ఉండవచ్చనే, ఈశాన్యం తేలికగా వదలమనే పెద్దలు చెబుతారు.

రెండో పని: కర్ర పాతి నీడ చూడటం

ఇది ఒక్క సాయంత్రం పని, ఖర్చేమీ లేదు. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా ఎండ ఉన్న ఏ రోజైనా సరే. ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు నడిచే దారి, మే రెండో వారంలో నడిచే దారి దాదాపు ఒకటే కాబట్టి వానాకాలంలో తెరిపి ఇచ్చిన రోజు చూసినా లెక్క తప్పదు.

మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా గంటకోసారి పడమటి గోడ మీద ఎండ ఎక్కడి దాకా వచ్చిందో సుద్దముక్కతో గీయండి. ఏ కిటికీ మీద ఎక్కువసేపు ఉందో తేలిపోతుంది. తర్వాత 15, 18 అడుగుల వెదురు బొంగు కొసకు ఖాళీ సిమెంటు సంచి కట్టి, చెట్టు పెట్టాలనుకున్న చోట ఒకరిని పట్టుకొని నిలబడమనండి. నాలుగింటికి ఆ సంచి నీడ ఎక్కడ పడితే, పెరిగిన చెట్టు కొమ్మల నీడ అక్కడ పడుతుంది. కిటికీ మీద పడకపోతే ఓ అడుగు అటూఇటూ జరిపి చూడండి. గోడకు 12 అడుగుల దూరంలో పెట్టేటట్లయితే చెట్టును కిటికీకి సరిగ్గా ఎదురుగా కాకుండా రెండు మూడడుగులు ఉత్తరానికి జరపాల్సి వస్తుందని మీకే కనిపిస్తుంది.

ఇక ఎత్తు లెక్క. గోడ 10 అడుగులు, చెట్టు దానికి 12 అడుగుల దూరంలో ఉందనుకోండి. అయిదింటికి గోడంతా నీడలో ఉండాలంటే చెట్టు 15 అడుగులుంటే చాలు. నాలుగింటికైతే 18 నుంచి 19 అడుగులు కావాలి. మూడింటికి 24 అడుగులు కావాలి, ఎందుకంటే అప్పుడు సూర్యుడు ఇంకా పైనే ఉంటాడు. అంటే దూరంగా ఉన్న చెట్టు నాలుగు దాటాకే బాగా పనికొస్తుంది. మధ్యాహ్నం రెండింటి, మూడింటి ఎండకు గోడకు దగ్గరగా ఒక తీగల తడికో, పందిరో ఉండాలి. ఈ రెండూ కలిపితేనే మధ్యాహ్నమంతా గోడకు రక్ష.

మూడో పని: మట్టి చూడటం

ఉత్తర తెలంగాణలో ఎర్ర చల్క, నల్ల రేగడి రెండూ ఉన్నాయి. వరంగల్ చుట్టూ కొత్త కాలనీల్లో వీటికి తోడు మొరం, ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన కంకర, సిమెంటు పెడ్డలు ఉంటాయి. గడ్డపారతో రెండడుగులు తవ్వి చూడకుండా మొక్క కొనొద్దు.

చల్క నేలలో నీళ్లు నిలవవు. దానికి మందు చెరువు మట్టి. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం మనది. చెరువు ఎండినప్పుడు తీసే పూడిక మట్టిని పొలాలకు తోలుకునే అలవాటు ఇక్కడ పాతదే. అది గుంతలో మూడో వంతు కలిస్తే నీళ్లు పట్టి ఉంచుతుంది.

రేగడితో అసలు జాగ్రత్త ఇంటి పునాది విషయంలో. ఆ మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. పెద్ద చెట్టు వేర్లు పునాది పక్కనే ఉండి నీళ్లు లాగేస్తే నేల ఇంకా కుంగుతుంది, గోడలు పగుళ్లు ఇస్తాయి. రేగడిలో పెద్ద చెట్టు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. అంత జాగా లేకపోతే పెద్ద చెట్టు ఆలోచన మానుకొని తీగలు, చిన్న చెట్లతో సరిపెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకుకు, నీళ్ల సంపుకు ఏ నేలలోనైనా చెట్టు దూరంగానే ఉండాలి.

నాలుగో పని: చెట్టు ఎంచుకోవడం

ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏప్రిల్, మే నెలల్లో దీనికి నిండా ఆకులుంటాయా? మన దగ్గర చాలామంది ఇష్టంగా పెంచే చెట్లు సరిగ్గా అప్పుడే మోడుగా నిలబడతాయి. టేకు అందులో మొదటిది. పిల్లల పెళ్లిళ్లకు అక్కరకొస్తుందని పెరట్లో నాటే టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి నిలుచుంటుంది, దాని నుంచి నీడ ఆశించకండి. రేల చెట్టు బంగారు గుత్తులతో కళ్లకు పండుగే, ఆ పూత కాలంలో ఆకు పలచన. సీతాఫలం కూడా ఎండలు ముదిరే వేళకు బోసిగా ఉంటుంది. వీటిని పెంచుకోండి, కానీ పడమట కాదు.

నన్నడిగితే పడమటికి మొదటి చెట్టు కానుగ. ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా కొద్ది రోజుల్లోనే మెరిసే కొత్త ఆకు వేసుకొని ఏప్రిల్‌కు దట్టంగా తయారవుతుంది. చల్కలో, రేగడిలో రెండింట్లో బతుకుతుంది. ఆకు చేదు కాబట్టి మేకలు పెద్దగా ముట్టవు, కాయలు తినేవి కావు కాబట్టి కోతులు రావు. నాలుగైదేళ్లలో పనికొచ్చే నీడ ఇస్తుంది. చల్కలో 12 నుంచి 15 అడుగుల దూరం సరిపోతుంది, రేగడిలో పైన చెప్పిన 20 అడుగుల లెక్కే. పూత కాలంలో కింద పూలు రాలి పరుచుకుంటాయి, ఊడ్చుకునే ఓపిక ఉండాలి.

వేప గురించి కొత్తగా చెప్పేదేముంది. ఉగాది నాటికి చిగురు, పూత రెండూ వస్తాయి. మే నెలలో వేప కింద ఉండే హాయి ప్రతి ఊరికీ తెలుసు. కాకపోతే అది పెద్ద చెట్టు. 15 నుంచి 20 అడుగుల జాగా (రేగడిలో 20కి తగ్గకుండా), పైన కరెంటు తీగలు లేని చోటు కావాలి.

పొగడ చెట్టుకు ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, నీడ చిక్కన, పూల వాసన ఇంటికి వరం. ఎదుగుదల మాత్రం నెమ్మది. ఓపిక ఉన్నవాళ్లకు, సొంతింట్లో స్థిరపడ్డవాళ్లకు దీన్ని గట్టిగా చెబుతాను. 10, 12 అడుగుల దూరంలో పెట్టవచ్చు. బాదం చెట్టు అంతస్తులుగా కొమ్మలు చాపి వెడల్పైన నీడ ఇస్తుంది, చలికాలం చివర ఆకు రాల్చి ఎండలు ముదిరేలోగా మళ్లీ వేసుకుంటుంది. వేర్లు బండలు లేపుతాయి కాబట్టి వాకిలికి దూరంగా పెట్టాలి.

మామిడి, నేరేడు, సపోటా, జామ... ఇవన్నీ ఆకు వదలని మంచి నీడ చెట్లే. వీటితో చిక్కు కోతులు. ములుగు, భూపాలపల్లి వైపైనా, జగిత్యాల, నిర్మల్ వైపైనా కోతుల బాధ లేని ఊరు తక్కువ. పండ్ల చెట్టు కొమ్మ స్లాబుకు తగిలేలా ఉంటే అది వాటికి మెట్ల దారి అవుతుంది, మీ పందిరి కూడా మిగలదు. కోతులు తిరిగే ఊళ్లో పండ్ల చెట్లను గోడకు దూరంగా, పెరటి చివర పెట్టండి. గోడ దగ్గర నీడకు కానుగ, పొగడ, వేప ఉంచండి.

ఇంటి దగ్గర వద్దనేవి: మర్రి, రావి, వాటి జాతివి ఏవైనా. వాటి వేర్లు గోడలు చీలుస్తాయి. తురాయి ఎర్రగా పూస్తే కళ్లు తిప్పుకోలేం, కానీ కొమ్మ పెళుసు. స్లాబు మీదికి, కారు మీదికి రానివ్వొద్దు. కోనోకార్పస్ జోలికి పోవద్దు. హరితహారంలో దాన్ని విరివిగా నాటించిన ప్రభుత్వమే తర్వాత నాటవద్దని చెప్పింది.

శాశ్వత చెట్టు ఎదిగేలోగా ఇల్లు కాగుతూనే ఉంటుంది కదా. అందుకని కానుగ, పొగడ మధ్యలో మునగ పెట్టండి. నీళ్లందితే ఏడాదిలోనే 10 అడుగులు దాటుతుంది. నీడ పలచన, కొమ్మ పెళుసు, వానాకాలంలో గొంగళి పురుగులు పడతాయి. అయినా తాత్కాలికంగా ఇంతకంటే త్వరగా వచ్చేది లేదు, ఆకు, కాయ వంటింటికి. నీళ్లకు కొదవ లేనివాళ్లు అరటి, బొప్పాయి కూడా పెట్టుకోవచ్చు. నాలుగైదేళ్లకు అసలు చెట్లు అందుకోగానే వీటిని తీసేయండి.

ఐదో పని: జాగా లేని ఇంటికి తీగల గోడ

150, 200 గజాల ప్లాటులో ఇల్లు పోను పడమటన మిగిలేది మూడు నాలుగడుగులు. అక్కడ చెట్టు పట్టదు, తీగలు పడతాయి. మధ్యాహ్నం రెండింటి, మూడింటి ఎండకు ఇవే ఎక్కువ మేలని పైన లెక్కలో చూశాం కాబట్టి, జాగా ఉన్నవాళ్లు కూడా ఇది వదలొద్దు.

గోడకు అర అడుగు ఎడంగా ఇనుప కడ్డీలు బిగించి, వాటి మధ్య అడుగుకొక జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) అడ్డంగా, నిలువుగా లాగండి. ఆ అర అడుగు సందు ముఖ్యం. ఆకులకూ గోడకూ మధ్య గాలి ఆడుతూ పైకి పోతుంది, గోడకు చెమ్మ పట్టదు, చెదలు ఎక్కితే కనిపిస్తుంది. గోడను నేరుగా పట్టుకొని పాకే తీగలు సున్నాన్ని, ప్లాస్టరును పాడుచేస్తాయి, వాటిని తీసుకోవద్దు.

ఈ పనికి రాధామనోహరం బాగుంటుంది. దట్టంగా అల్లుకుంటుంది, మొండిది, రాత్రి వాసన బాగుంటుంది. కాగితంపూల తీగ ఎండకు రాజు, నీళ్లు తక్కువైనా నిలుస్తుంది. ముళ్లుంటాయి కాబట్టి పిల్లలు తిరిగే సందులో వద్దు. కూర కావాలంటే దొండ. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది. కిటికీకి ఎదురుగా మాత్రం తీగను పలచగా ఉంచండి, రాత్రి గాలి రావాలి. ఏసీ బయటి యూనిట్ ఉంటే దాని మీద నీడ మంచిదే, కానీ ముందు మూడడుగులు ఖాళీగా వదలండి. లేకపోతే అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది.

సన్నగా నిటారుగా పెరిగే నరమామిడిని చాలామంది అశోక చెట్టు అంటారు. వరసగా మూడు నాలుగడుగులకొకటి నాటితే పడమటి ప్రహరీ వెంట పచ్చని గోడ లేస్తుంది. కింద కూర్చోవడానికి నీడ రాదు, వాలు ఎండను మాత్రం ఆపుతుంది.

ఆరో పని: స్లాబు మీద పందిరి

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ నేరుగా పడేది స్లాబు మీదే. పక్కన ఉన్న చెట్టు మధ్యాహ్నం పన్నెండింటికి స్లాబుకు చేసేది తక్కువ. కొమ్మలు పైకి వంగితే తప్ప నీడ పడదు. పాత ఊళ్లలో గుడిసె మీదికి ఆనిగెపు తీగ, గుమ్మడి తీగ పాకించేవాళ్లు. డాబాకైనా, రేకుల ఇంటికైనా అదే ఉపాయం. రేకుల ఇల్లయితే తీగ రేకును తాకకుండా అడుగెత్తున వెదుర్లు కట్టి దాని మీద పాకించండి.

స్లాబు మీద తెలివైన పద్ధతి, తీగ మొదలు నేలలో ఉంచి కొసను పైకి తీసుకుపోవడం. రాధామనోహరం, కాగితంపూలు, దొండ మూడూ ఒక అంతస్తు సులువుగా ఎక్కుతాయి. స్లాబుకు బరువు లేదు, తొట్టి మట్టి కాగి వేర్లు ఉడికిపోయే బాధ లేదు, నీళ్లు తక్కువ పడతాయి.

తొట్లే పెట్టాలనుకుంటే బరువు లెక్క చూసుకోండి. తడిసిన మట్టి అడుగు మందాన పరిస్తే చదరపు అడుగుకు 50 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి స్లాబు నడిమధ్యలో కాకుండా కింద దూలాలు, పిల్లర్లు ఉన్న చోట, పిట్టగోడ పక్కన పెట్టాలి. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపితే బరువు తగ్గుతుంది. బీర, ఆనిగెపు తీగలకు చిన్న కుండీ చాలదు, సగానికి కోసిన పెద్ద డ్రమ్ము కావాలి. జనవరిలో గింజ పెడితే మార్చి చివరికి పందిరి నిండుతుంది. మే ఎండకు వీటికి పొద్దున, సాయంత్రం రెండుపూటలా నీళ్లు తప్పవు.

పందిరి ఎత్తు ఏడడుగులుండాలి, కింద గాలి ఆడాలి. ఇనుప పైపులను పిట్టగోడకు బోల్టులతో బిగించండి, ఏప్రిల్ గాలిదుమారానికి తాళ్లు ఆగవు. మొదటి ఏడాది తీగ నిండే దాకా సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టుకోండి. పందిరి రాని భాగానికి తెల్ల సున్నమో కూల్ పెయింటో వేయండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే.

ఏడో పని: వాకిలి

పడమటన ఉన్న వాకిలి అంతా సిమెంటు, షాబాదు బండలు అయితే వాటి సెగ నేరుగా కిటికీలోకి కొడుతుంది. బండి నిలిపే మేరకు బండలు ఉంచి మిగతాది మట్టిగా వదలండి. గరిక పరుచుకోనివ్వండి. చెట్ల నీడ పడే చోట పసుపు, తమలపాకు, కనకాంబరం బాగా వస్తాయి. పొదలు గోడకు ఆనుకొని గుబురుగా పెరగనివ్వొద్దు, పాములకు చోటవుతుంది. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలిస్తే దోమలు.

తూర్పు వైపు నిమ్మ, కరివేపాకు, మందారం లాంటి చిన్నవి చాలు. పొద్దుటి ఎండ అంత కఠినం కాదు.

ఎనిమిదో పని: గుంత, నాట్లు

గుంతలు మే నెలలోనే తవ్వి ఎండనివ్వండి. మొరం గట్టిగా ఉంటే మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. మెత్తని మట్టయితే రెండడుగులు చాలు. పైమట్టి ఒక పక్క, కింది మట్టి ఒక పక్క పోయండి. పైమట్టి, చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి, చెదల కోసం కిలో వేపపిండి వేసి గుంత నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. రేగడిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి మొక్కను కాస్త దిబ్బ మీద నాటాలి.

మృగశిర కార్తె పెట్టగానే ఆత్రపడొద్దు. మొదటి వాన తర్వాత వారాల తరబడి చినుకు పడని ఏళ్లు మనకు తెలుసు. రెండు మూడు గట్టి వానలు పడి గుంత మట్టి దిగాక, జూన్ చివర నుంచి జూలైలో నాటండి. మొక్క ఐదారడుగుల ఎత్తు, కాండం బొటనవేలి మందం ఉండాలి. కవరు చించాక వేర్లు అడుగున చుట్టుకొని ఉంటే విడదీయండి, మరీ గట్టిగా చుట్టుకున్నవి కోసేయండి. అలాగే వదిలేస్తే ఏళ్ల తర్వాత పెద్ద గాలికి చెట్టు మొదలంటా వాలుతుంది. ఊతకర్ర, చుట్టూ ముళ్లకంప లేదా ట్రీగార్డు తప్పనిసరి. బర్రెలు, మేకలు ఒక్క పూటలో ఏడాది ఎదుగుదలను తినేస్తాయి.

తొమ్మిదో పని: రెండు ఎండాకాలాల నీళ్లు

మొక్కలు ఎక్కువగా పోయేది మొదటి ఎండాకాలంలోనే. మార్చి నుంచి జూన్ దాకా చల్కలో వారానికి రెండుసార్లు, రేగడిలో ఒకసారి, మొక్కకు 20 లీటర్ల చొప్పున నెమ్మదిగా పోయండి. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి, లోతుకు దిగవు. మొదలుకు అడుగు దూరంలో ఒక మట్టికుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే ఊటలా తడి దిగుతూ ఉంటుంది. ఊరికి పోయి వచ్చేలోగా మొక్క ఎండిపోదు. పాదులో మూడు నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి, ఎండుటాకులు పరచండి, కాండానికి మాత్రం తాకనివ్వొద్దు.

బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు నిశ్చింతగా పోయవచ్చు. ఫిల్టరు వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువ, మామూలు నీళ్లు కలపకుండా పోయొద్దు.

పదో పని: కొమ్మలు, గాలి

మూడో ఏడాది నుంచి కింది కొమ్మలు కొద్దికొద్దిగా తీస్తూ, చెట్టు కింద ఏడెనిమిది అడుగులు ఖాళీగా ఉండేలా చేయండి. రాత్రి గాలి ఆ ఖాళీలోంచే కిటికీకి వస్తుంది. ఎండలు ముదిరాక కొమ్మలు కొట్టకండి, కావలసిన నీడే పోతుంది, ఎండ తగిలి బెరడు కాలుతుంది. పెద్ద కోత ఏదైనా వానాకాలం మొదట్లోనే. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి మాత్రం ఏప్రిల్ ఈదురుగాలుల ముందే తీసేయాలి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. అంతటి గాలికి ఏ జాగ్రత్తా చాలదు. మామూలు గాలిదుమారాలకు మాత్రం ఒకవైపే బరువు మోస్తున్న కొమ్మను ముందే తగ్గించడం స్లాబును కాపాడుతుంది. కరెంటు తీగలకు దగ్గరగా వచ్చిన కొమ్మను మీరు ముట్టుకోకుండా లైన్‌మన్‌ను పిలిచి, లైను ఆపించి కొట్టించండి.

నీడ వచ్చాక కూడా బయట 44, 45 డిగ్రీల వడగాలి వీచే రోజుల్లో ఉదయం పదింటికల్లా కిటికీలు మూసి, పొద్దుగూకాక తెరవాలి. గోడ చల్లగా ఉన్నప్పుడే ఆ మూసిన గది చల్లగా నిలుస్తుంది. పని ఫలించిందో లేదో తెలుసుకోవడానికి మే నెలలో రాత్రి ఎనిమిదింటికి పడమటి గోడను లోపలి వైపు చేత్తో ముట్టుకొని చూడండి. నీడ పడిన భాగానికి, పడని భాగానికి తేడా అరచేతికే తెలుస్తుంది. ఎక్కడ ఇంకా వేడిగా ఉందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకొని, వచ్చే వానాకాలం అక్కడికి ఇంకో తీగ చేర్చండి.